నలభై ఏడో కొక్కెం

గంటకోసారి పది నిమిషాలు ఆ ఈతకొలను ఖాళీ కావాలి. మేయరు గారి బావమరిది అయినా సరే, విజిల్ మోగితే గట్టెక్కాల్సిందే. అప్పుడు గోడ మీది బోర్డులో ఎన్ని లాకరు తాళంచెవులు లేవో చూస్తారు. గట్టు మీద సరిగ్గా అన్నే తలలు ఉండాలి. ఆ తర్వాత కాపలావాళ్ళిద్దరిలో ఒకరు ఒక్కో ఈత వరస కింద కొలను అడుగునీ వేలెత్తి చూపిస్తూ పైకి పలకాలి, రెండోవాళ్ళు దాన్నే తిరిగి పలకాలి. కన్ను ఏమరకుండా నోటిని కాపలా పెట్టారన్నమాట. నోటికి అలవాటైపోయాక కన్ను కునుకు తీస్తుందని నిబంధనలు రాసిన పెద్దలకి తట్టలేదు పాపం.

ఆ కాపలావాళ్ళలో ఒకరైన ఇసోబే పదకొండేళ్ళుగా అలా పలుకుతూనే ఉంది.

పోయిన ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆమెకు గట్టు మీద ఒక తాళంచెవి దొరికింది. పిల్లలు చేతికి వేసుకునే చిన్న రబ్బరు పట్టీకి కట్టి ఉంది, నలభై ఏడో నంబరు. ఆ ఊళ్ళో దారిలో గొడుగు దొరికినా కంచెకి తగిలించి పోతారు. ఆమె కూడా తుడిచి, దాని కొక్కేనికి పద్ధతిగా తగిలించింది. రెండు గంటలకి తీసిన లెక్క తేడా లేకుండా వచ్చింది.

"సరిపోయిందిగా," అన్నాడు అవతలి గట్టు మీది రెండో కాపలా మనిషి తతరా.

ఇసోబే వేలు చూపిస్తూ పోయింది. "ఆరో వరస అడుగు, సరే."

చూడలేదు. ఆ పట్టీ చేతినుంచి జారిపోయిన ఏడేళ్ళ చిహారు అక్కడే, అడుగునే ఉంది.

తాళంచెవి సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అంత్యక్రియల్లో చిహారు తల్లి తనకి వంగి నమస్కారం పెట్టినప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. అప్పట్నుంచి అంతే. ఏం తిన్నా చప్పగానే ఉంటోంది. ఏడుపొస్తే బాగుండునని కూర్చుంటే నిద్ర వస్తోంది.

పది నెలల తర్వాత, జూన్ వానల్లో కొలను మళ్ళీ తెరిచారు. ఆరోగ్య కార్యాలయం నుంచి కురమోచి అనే అధికారిణి వచ్చింది. ఈవేళ ఆవిడ సంతకం పెడితే చిహారు చావు ఫైలు మూసేస్తారు. లేదంటే సంగతి పోలీసుల దాకా పోతుంది.

"ఒక్కటే మిగిలిందండీ," అంది కురమోచి, కాగితం మీంచి తలెత్తకుండా. "ఆ రోజు ఆరో వరస అడుగు మీ కళ్ళతో చూశారా?"

"చూశాను."

అబద్ధం చెప్పినందుకు గుండె వేగంగా కొట్టుకోవాలి కదా. కొట్టుకోలేదు. పొద్దుటి నుంచి ఎడమ చెయ్యి మొద్దుబారి ఉంది, అంతే.

రెండైంది. ఇసోబే విజిల్ వేసింది. ముసలివాళ్ళు మోకాళ్ళు పట్టుకుని గొణుగుతూ మెట్లెక్కారు. అద్దాల కప్పు మీద వాన పడుతోంది. క్లోరిన్ వాసన ముక్కులో గుచ్చుతోంది.

"తలలు ఇరవై రెండు," అన్నాడు తతరా. బోర్డు చూశాడు. మళ్ళీ చూశాడు. "బోర్డు మీద తాళంచెవులు మాత్రం ఇరవై మూడు తక్కువున్నాయి. ఏమ్మా ఇసోబే, నాకు చత్వారం ముదిరిందా?"

"మళ్ళీ లెక్కపెట్టండి, తతరా గారూ."

తలలు ఇరవై రెండే.

ఆమె బోర్డు దగ్గరికి వెళ్ళింది. నలభై ఏడో నంబరు ఎవరికీ ఇవ్వకూడదని తాళంచెవినీ కొక్కేన్నీ కలిపి టేపు చుట్టేశారు. చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది. లోపల తాళంచెవి లేదు...

ఎడమ చెయ్యి బరువుగా ఉంది. జాకెట్ చేతిని పైకి లాగింది.

మణికట్టుకి రబ్బరు పట్టీ. పిల్లలది. పెద్దవాళ్ళ చెయ్యి దూరనే దూరదు. మాంసంలోకి దిగిపోయి ఉంది. వేళ్ళు నీలంగా ఉన్నాయి... ఎప్పట్నుంచి?

వెనకాల కురమోచి పెన్సిలు చప్పుడు వినిపిస్తోంది. ఇప్పుడు తిరిగి చెప్పెయ్యొచ్చు. ఇదిగో ఇదే, ఆ రోజు నేనే తగిలించాను అని. రెండు ముక్కలు.

ఇసోబే చర్మం గీసుకుపోయేలా పట్టీ లాగి, కొక్కేనికి తగిలించింది. పద్ధతిగా.

"ఇరవై రెండు," అంది.

"సరిపోయిందిగా," అన్నాడు తతరా.

ఆమె గట్టు మీద నిలబడి వేలెత్తింది. ఒకటో వరస, సరే. తతరా తిరిగి పలికాడు. రెండు. మూడు. నాలుగు. అయిదు.

ఆరు.

ఈసారి చూసింది. ఒంగి మరీ చూసింది. తెల్లటి పలకలు, నల్లగీత... ఇంకేం లేదు. నీళ్ళు కదలట్లేదు.

"ఆరో వరస అడుగు... సరే."

"ఆరో వరస అడుగు, సరే," అన్నాడు తతరా.

ఒక క్షణం గడిచింది.

"ఆరో వరస అడుగు... సరే."

చిన్న గొంతు. ఆమె కాళ్ళ కిందినుంచి.

పెన్సిలు ఆగింది.

"ఇక్కడ పలికేది ఇద్దరే కదండీ?" మెల్లగా అడిగింది కురమోచి.

"ఇద్దరే."

కురమోచి కాసేపు నీళ్ళవైపు చూసింది. తర్వాత, ఎందుకొచ్చిన గొడవ అన్నట్టు, సంతకం పెట్టి, కాగితం ఉన్న అట్ట అందించింది. "మీరూ పెట్టండి. అయిపోయినట్టే."

అయిపోయింది. హాయిగా అనిపించాలి. అదీ అనిపించలేదు. ఇసోబే విజిల్ వేసింది. జనం నీళ్ళలోకి దిగారు. ఆమె ఎడమ చేత్తో అట్ట పట్టుకుని సంతకం పెట్టబోయింది. జాకెట్ చెయ్యి వెనక్కి జారింది. కాగితం మీద టప్పున నీటి చుక్క పడింది... ఇంకొకటి.

కురమోచి ఆ మణికట్టు వైపే చూస్తోంది.

"ఈ తాళంచెవి ఇంత తడిగా ఉందేమిటండీ?" అంది. "మీరసలు నీళ్ళలోకే దిగలేదు కదా."