వాసనతెర లేని భోజనం

విమానంలో తిండి బండి నాలుగో వరుస దగ్గర దానంతట అదే ఆగింది. ఎస్తేరు కింది అర లాగి, వేడి డబ్బా ఒకటి తీసి, కిటికీ పక్కన నిద్రపోతున్న మనిషి ముందున్న పలక మీద పెట్టింది. పలక అంచున ఆకుపచ్చ దీపం వెలిగింది. అమ్మకం పూర్తయింది. ఆయన కళ్లు తెరవలేదు.

"మీ భోజనం సార్," అంది ఎస్తేరు. అనకపోయినా పరవాలేదు. కానీ అనాలని శిక్షణలో నేర్పారు.

బండి చుట్టూ వాసనతెర సన్నగా హోరుమంటోంది. డబ్బాలోని తిండి వాసన ఆ గాలి పొర దాటి బయటికి రాదు. కొన్నవాళ్లు తినదలుచుకుంటే మూత మీద వేలు పెడతారు. సీటు పైనుంచి మరో చిన్న తెర దిగి వాళ్లని కమ్ముకుంటుంది. పక్క సీటు మనిషికి నమిలే చప్పుడు తప్ప ఏమీ తెలియదు. అసలు ఈ మధ్య ఆ చప్పుడు కూడా వినపడటం లేదు. ఎస్తేరు డబ్బాలు పెట్టుకుంటూ పోతుంది, కాసేపటికి వెనక్కి వచ్చి మూత తియ్యని డబ్బాలన్నీ ఏరి భస్మపేటికలో వేస్తుంది. పేటిక లోపల చిన్న వెలుగు కనిపించి ఆరిపోతుంది. అంతే.

లిస్బన్ నుంచి విశాఖపట్నం వచ్చే ఆ విమానం ఎండతో నడిచేది. రెక్కల మీద పడే ఎండే దానికి ఇంధనం. అందుకే నెమ్మదిగా పోతుంది, అందుకే బరువంటే దానికి భయం. అన్నిటికన్నా దండగ బరువు తిండి. ఎవరు కొంటారో, ఏం కొంటారో అంచనా అనే లెక్కల యంత్రం ముందే తేలుస్తుంది. మనిషి వెనకటి కొనుగోళ్లు చూసి, అన్ని డబ్బాలే విమానం ఎక్కిస్తుంది, కొనేవాడి బదులు తనే కొనేస్తుంది కూడా. కొన్నా కొనకపోయినా అందరికీ టికెట్టుతో పాటే నిరాకలి అనే మందు వస్తుంది. సీటు తలగడలోంచి వాసన లేని ఆవిరిగా మెల్లగా వెలువడుతుంది. ఆకలి అనేది మొదలవకముందే సద్దుమణుగుతుంది. జనం నిద్రపోయి లేచి దిగిపోతారు.

సిబ్బందికి నిరాకలి తప్పనిసరి. మెడ వెనక చిన్న పట్టీ. ఎస్తేరు ఉద్యోగంలో చేరిన కొత్తలో సెలవు రోజుల్లో ఆకలి మళ్లీ వచ్చేది. తర్వాత్తర్వాత ఆలస్యంగా వచ్చేది. ఎప్పుడు పూర్తిగా మానేసిందో ఆమె గమనించలేదు. ఇప్పుడు గదిలో అలారం మోగితే తింటుంది. అమ్మ భీమిలి నుంచి ఫోన్ చేసి "అన్నం తిన్నావేటే?" అని అడిగితే, అలారం మోగిందో లేదో చూసుకుని జవాబు చెబుతుంది. అదేమీ ఆమెకి బాధగా ఉండదు. బాధగా ఉండాలేమో అని ఒకసారి అనిపించి, ఆ అనిపించడం కూడా పోయింది.

ఎర్ర సముద్రం దాటుతుండగా వెనక వరుసలో పిలుపు దీపం వెలిగింది.

అక్కడ యాభై ఏళ్ల ఆవిడ ఒకతె రెండు చేతులతో కడుపు పట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. ఉప్పుగాలికి మాడిన మొహం, పొట్టిగా కత్తిరించిన జుట్టు. పేరు నూకరత్నం అని సీటు చెప్పింది.

"ఏమైందమ్మా?"

"కడుపులో ఏటో అవతంది తల్లీ. మెలిపెట్టీసినట్టు. నీరసం. సేతులొణుకుతన్నాయి సూడు."

ఎస్తేరు ఆవిడ మణికట్టుని సీటు చేతి మీదున్న గాజు పలకకి ఆనించింది. ఏ గుండె జబ్బో బయటపడుతుందనుకుంది. పలక మీద ఒక్క మాట వచ్చింది. దాన్ని ఎస్తేరు రెండుసార్లు చదివింది.

"అమ్మా, మీకు ఆకలేస్తోంది."

నూకరత్నం ఆమె మొహంలోకి చూసింది. "ఏటీ?"

"ఆకలి. జబ్బు కాదు."

"నాకా?" ఆవిడ తన కడుపు వైపు చూసుకుంది, ఎవరో తలుపు కొడితే చూసినట్టు. "నాకు ఆకలి సచ్చిపోయి నాలుగేళ్లయిందమ్మా!"

ఆవిడ సముద్రం మధ్యలో మంచినీళ్లు తీసే వేదిక మీద పని చేసి వస్తోంది. అక్కడ వంటగది లేదు, వంటవాడు లేడు. పనిచేసే అందరినీ నిరాకలిలో ఉంచి, పొద్దునా సాయంత్రం గొట్టంతో ఇంత పోషకం పట్టేవాళ్లు. ఒప్పందం ముగిసి దిగేటప్పుడు అక్కడి డాక్టరు చెప్పాడట, ఇంతకాలం మొద్దుబారిన ఆకలి తిరిగి రావడం ఆయన చూడలేదని, ఆశ పెట్టుకోవద్దని. ఇదంతా నూకరత్నం కడుపు వదలకుండానే చెప్పింది.

"సీట్లో ఆవిరి వస్తోంది కదా. దాన్ని కూడా దాటుకుని వచ్చిందా?" ఎస్తేరుకి నమ్మబుద్ధి కాలేదు.

"ఏమో తల్లీ. వచ్చీసింది. ఏదైనా పెట్టు. గంజైనా సరే."

ఎస్తేరు పలక మీద అడిగింది. నూకరత్నం పేరు మీద అంచనా ఏ భోజనమూ ఎక్కించలేదు. నాలుగేళ్లుగా ఆవిడ ఏమీ కొనలేదు కాబట్టి ఆవిడకి అమ్మకం లేదు. దానికి బదులుగా రెట్టింపు మోతాదు నిరాకలి ఉచితంగా ఇస్తామని పలక చెప్పింది.

"భోజనం లేదమ్మా. ఆవిరి కొంచెం పెంచుతాను, నొప్పి తగ్గిపోతుంది."

నూకరత్నం చటుక్కున తల ముందుకు తీసుకుంది, తలగడ తగలకుండా. "వొద్దు. మళ్లీ పోతే? మళ్లీ వొస్తాదని నువ్వు సెప్పగలవా?"

ఎస్తేరు ఆవిరి పెంచకుండా ముందు వైపు నడిచింది.

సిబ్బంది నాయకుడు భానోజీ ముందు క్యాబిన్‌లో ఉన్నాడు. మంచివాడే. ఎవరి మీదా గొంతు లేపడు. ఎస్తేరు సంగతంతా చెబితే విని, తల పంకించాడు.

"ఆకలి పక్కవాళ్లకి అంటుకుంటుందమ్మా. ఒకళ్లు మెలికలు తిరుగుతుంటే చూసినవాళ్లకి కూడా మొదలవుతుంది. ఆకలేసినవాళ్లు ఒప్పుకోకపోతే మనమే మోతాదు ఇవ్వాలి. రూలు నీకు తెలుసు."

"ఆవిడకి ఇన్నాళ్లకి వచ్చింది సార్. ఇప్పుడు అణిచేస్తే ఇక రాదేమో."

"రాకపోతే ఏమవుతుంది? నాకు లేదు, నీకు లేదు. బతకడం లేదూ?" అని, వెనక వరుస వైపు తొంగి చూసి, "కాసేపు చూడు. ఊరుకోకపోతే నేను సీటుకి చెబుతాను," అన్నాడు.

బతకడం లేదూ అన్న మాటకి ఎస్తేరుకి కోపం రాలేదు. జాలీ రాలేదు. వెనక వరుసకి నడుస్తూ ఆమె ఆలోచించిందల్లా ఒకటే, ఆ ఆవిడ "నాకా?" అన్నప్పుడు మొహం ఎలా ఉందని. అలాంటి మొహం ఈ విమానంలో ఎన్నడూ చూడలేదు.

ఆమె నూకరత్నాన్ని లేపింది. భుజం పట్టి నడిపించి, తోక భాగంలో సిబ్బంది కూర్చునే మడత బల్ల మీద కూర్చోబెట్టింది. దానికి తలగడ లేదు, ఆవిరి రాదు.

"ఇక్కడే ఉండండి. నేను వస్తాను."

నాలుగో వరుసలో కిటికీ పక్క మనిషి ఇంకా నిద్రపోతున్నాడు. ముందున్న డబ్బా ముట్టలేదు. కాసేపటికి అది భస్మపేటికలోకి పోవాల్సిందే. ఎస్తేరు ఆయన భుజం తట్టింది. ఆయన పేరు ఉదయభాస్కర్. మెల్లగా కళ్లు తెరిచాడు.

"సార్, మీ భోజనం తింటారా?"

"నా భోజనమా?" ఆయన డబ్బా వైపు చూశాడు. "నేను కొన్నానా ఇది?"

"మీ బదులు అంచనా కొంది సార్. ప్రతిసారీ కొంటుంది."

"ఏముంది ఇందులో?"

మూత మీద రాసి ఉంది. "వంజరం పులుసు, అన్నం."

"వంజరం," అన్నాడు ఆయన, ఎవరిదో పాత చిరునామా చదివినట్టు. "నేను తినను. ఎప్పుడూ తినలేదనుకుంటా."

"వెనక ఒకావిడకి ఆకలేస్తోంది సార్. మీరు మూత తీసి ఇస్తే పట్టుకెళతాను. మీ వేలికి తప్ప తెరుచుకోదు."

ఆయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "ఆకలేస్తోందా? నిజంగా?" అన్నాడు. తర్వాత వేలు పెట్టాడు.

ఎస్తేరుకి తెలుసు, ఒకసారి తెరిచిన మూత మళ్లీ పడదని. చిన్న తెర ఆయన సీటుకి అంటుకుని ఉంటుందని, తనతో రాదని. విమానం ఈ కొస నుంచి ఆ కొసకి తెర లేకుండా ఆ పులుసు పట్టుకుని నడవాలని తెలుసు. ఆ మాట తెలిసే ఆమె డబ్బాని తెరలోంచి బయటికి తీసింది.

చింతపండు పులుపు, మెంతి, మగ్గిన ఉల్లిపాయ, వేడి చేప. ఎస్తేరు ముక్కుకి అవి తగిలాయి. అవేమిటో ఆమెకి గుర్తుంది, కానీ కడుపులో ఏమీ కదల్లేదు. ఆమె నింపాదిగా నడిచింది, పులుసు తొణక్కుండా.

ఏడో వరుసలో ఒక ముసలాయన నిద్రలో పెదాలు తడుపుకున్నాడు. పదో వరుసలో ఒకమ్మాయి లేచి కూర్చుని అటూ ఇటూ చూసింది. "ఏంటా వాసన?" అంది ఎవరినీ ఉద్దేశించకుండా. ఇంకెవరో ముక్కుతో గట్టిగా గాలి పీల్చారు. ఎస్తేరు ఆగలేదు.

నూకరత్నం డబ్బా అందుకుని ముందు వాసన చూసింది. తర్వాత అన్నంలో పులుసు పోసి, వేళ్లతో కలిపి, ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. కళ్లు మూసుకుంది. మింగడం కష్టమైనట్టుంది, గొంతు పట్టుకుంది. ఎస్తేరు నీళ్లు ఇచ్చింది.

"ఎలా ఉందమ్మా?"

"ఉప్పు తక్కువ," అంది నూకరత్నం. ఆవిడ కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం దాకా వచ్చాయి. తుడుచుకోకుండా రెండో ముద్ద కలిపింది.

అప్పుడు పిలుపు దీపాలు మొదలయ్యాయి. ముందు ఒకటి. తర్వాత దాని పక్కనే ఇంకోటి. ఎస్తేరు తల తిప్పి చూసేసరికి సగం విమానం వెలుగుతోంది. ఆవిరి వస్తూనే ఉంది, ఏ సీటూ చెడిపోలేదు. అయినా జనం లేచి కూర్చుంటున్నారు. "తినడానికి ఏముంది?" అని ఎవరో అడిగారు. ఆ ప్రశ్న ఎస్తేరు ఉద్యోగంలో ఇదే మొదటిసారి వినడం. దానికి ఏం జవాబు చెప్పాలో శిక్షణలో నేర్పలేదు.

"డబ్బాలు కొన్నే ఉన్నాయి," అంది నిజమే చెబుతూ. "అందరికీ చాలవు. కొన్నవాళ్లు మూతలు తీసి ఇస్తే పంచుకోవచ్చు."

భస్మపేటికకి పోవాల్సిన డబ్బాల మూతలు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. కొన్నవాళ్లు వేళ్లు పెట్టి, తామేం కొన్నారో వింతగా చూసుకుంటున్నారు. ఒకరి డబ్బాలో పెరుగన్నం, ఒకరి డబ్బాలో వంకాయ కూర. ఒకాయన తన డబ్బా రెండు చేతులతో పట్టుకుని ఎవరికీ ఇవ్వనన్నాడు. పక్కనావిడ ఆయన్ని తిట్టింది. ఇంకెక్కడో "ముల్లుంటుంది, చూసుకుని తినండి" అంటున్నారు. ఉదయభాస్కర్ లేచి నిలబడి వెనక వైపు చూస్తున్నాడు.

భానోజీ పరుగులాంటి నడకతో వచ్చాడు. "ఎస్తేరూ! ఏం చేశావ్?"

ఆమె జవాబు చెప్పేలోగా పైనుంచి ఏ తడీ లేని గొంతు వినిపించింది. "అంచనా తప్పింది. క్యాబిన్ అంతటికీ సామూహిక మోతాదు సిద్ధం. సిబ్బంది ఇద్దరూ సమ్మతి తెలపండి."

భానోజీ నోరు తెరిచాడు. "సమ్..." అన్నాడు, ఆగిపోయాడు. గుటక వేశాడు. మళ్లీ అన్నాడు. నోటినిండా నీళ్లూరి మాట ముద్దగా వచ్చింది.

"గొంతు గుర్తించలేదు. మళ్లీ చెప్పండి."

ఆయన చేత్తో మూతి తుడుచుకుని, ఆ తడి చేతిని చూసుకుంటూ నిలబడిపోయాడు.

"ఎస్తేరు, సమ్మతి తెలపండి," అంది పైగొంతు.

"తెలపను," అంది ఎస్తేరు.

పైగొంతు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది, అంచనా తప్పింది, సమ్మతి తెలపండి అని. దిగాక ఉద్యోగం ఉండదని ఎస్తేరుకి తెలుసు. ఆ సంగతి కూడా ఆమెకి దూరంగా, వేరే ఎవరికో జరగబోయేదిలా అనిపించింది. ఆమె నూకరత్నం పక్కన మడత బల్ల అంచు మీద కూర్చుంది.

"నువ్వు తిన్నావా తల్లీ?"

"నాకు ఆకలి లేదమ్మా. ఎప్పుడో పోయింది."

నూకరత్నం ఆ మాట విననట్టే ముద్ద ఒకటి కలిపి, ముల్లు ఏరి, ఆమె నోటికి అందించింది. ఎస్తేరు నోరు తెరిచింది. వెచ్చగా ఉంది. అంతకన్నా ఏమీ తెలియలేదు. పులుపో కారమో నాలుక చెప్పలేదు. ఆమె నిదానంగా నమిలి మింగింది, మింగాక కాసేపు ఎదురుచూసింది. కడుపు మూగగానే ఉంది.

పైగొంతు మళ్లీ సమ్మతి అడుగుతోంది.

"ఇంకొంచెం పెట్టండి," అంది ఎస్తేరు.