సన్న సూది

సాయంత్రం నాలుగున్నరకు దశరథం మంచం మీదే పోయాడు. ఒళ్ళంతా దద్దుర్లు. పెదాలు ఉబ్బి నల్లబడ్డాయి. చూసినవాళ్ళంతా విషమే అన్నారు.

తమ్ముడు భూమేష్ వదిన రేణుకమ్మ మీదే కేసు పెట్టాడు. నాలుగింటికి చాయ్ ఇచ్చింది ఆమే. నెల రోజులుగా మొగుడితో మాటల్లేవు. ఇంకేం కావాలి ఊరికి? బోధన్ నుంచి ఎస్సై లిడియా వచ్చేసరికే పాపం ఆమెకు శిక్ష కూడా వేసేశారు.

నాలుగూ పదికి తొడ మీది గడ్డకు సూది గుచ్చిన ఆర్ఎంపీ డాక్టర్ సాయిరాం మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. ఇరవై ఏళ్ళుగా ఊరందరికీ సూదులేసేది ఆయనే కదా!

చాయ్ గ్లాసులో విషం లేదని ల్యాబ్ చెప్పింది. మంచం కింద దొరికిన సిరంజిలో మాత్రం తేటనీళ్ళు ఉన్నాయి.

లిడియా నిజామాబాద్ వెళ్ళి, దశరథం గడ్డను ముందు చూసిన సర్జన్ ఉమారాణిని కలిసింది. అది గడ్డ కాదు, హైడాటిడ్ సిస్ట్ అందావిడ. కుక్క పేగుల్లోని పురుగు గుడ్లు మనిషి కడుపులోకి పోతే పెరిగే నీటితిత్తి. మామూలుగా కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో వస్తుంది. తొడ కండలో అరుదు. స్కాన్‌లో బయటపడగానే మాత్రలు మొదలుపెట్టి, ఆపరేషన్‌కి తేదీ ఇచ్చింది. తిత్తి పగలకుండా తీయాలి. నీళ్ళు లోపల చిందితే ఒళ్ళు తట్టుకోలేక, దద్దుర్లెక్కి నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. సూది పెట్టొద్దని రాసి కూడా ఇచ్చింది.

ఆ కాగితం ఇంట్లో లేదు.

మర్నాడు ఉదయం పదకొండింటికి లిడియా భూమేష్‌నీ రేణుకమ్మనీ సాయిరాంనీ స్టేషన్‌కి పిలిచింది.

"చీముగడ్డ అనుకున్న మేడం," అన్నాడు సాయిరాం. "కాగితం నాకు సూపియ్యలె."

"చీమైతే ఏ సూదితోని గుంజుతవు?"

"లావు సూదితోని." ఇరవై ఏళ్ళ అలవాటు, నోట్లోంచి వచ్చేసింది.

లిడియా సిరంజిని బల్ల మీద పెట్టింది. పసిపిల్లలకు టీకాలేసే సన్న సూది.

"దీంట్ల చీము ఎక్కదు. నీళ్ళే ఎక్కుతయి. లోపల నీళ్ళున్నయని నీకు ముందే ఎరుక. ఆ కాగితం సదివే మాయం చేసినవ్."

మొగుడు కొట్టుకుంటుంటే డాక్టర్ గడియారమే చూశాడనీ, నాడి లెక్కపెడుతున్నాడేమో అనుకున్నాననీ రేణుకమ్మ మెల్లగా చెప్పింది.

"ఇరవై నిమిషాలు," అన్నాడు సాయిరాం. "చెరుకు ట్రాక్టర్ కింద పడి నా బిడ్డ శృతి గంతసేపు కొట్టుకున్నది. తోలింది దశరథమే. జేబుల ఫోను పెట్టుకొని నిలబడి సూసిండు. అంబులెన్సుకు కొట్టలె. ప్రాణం నిలిపే ఇంజెక్షన్ నా సంచిలనే ఉండె. నేను గూడ తియ్యలె."

ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆయన మొహంలో తృప్తి కనిపించింది. లిడియాకు ఒళ్ళు మండింది.

"బిడ్డ అక్కడికక్కడే పోయిందని ఊరంతా అనుకున్నది. ఇరవై నిమిషాల సంగతి నీకు ఎవరు చెప్పిండ్రు?"

జవాబు రేణుకమ్మ చెప్పింది.

"నేనే చెప్పిన. మా ఆయన తాగి నాతోని అన్నడు. ఆనాటి సంది ఆయనతోని మాట్లాడలె. అన్నా, నీ బిడ్డ గురించి నీకు ఎరుక కావాలనుకున్న."

"నీకు నిజం చెప్పిన గీ మనిషినా నువ్వు జైలుకు పంపుదామనుకున్నది?" అంది లిడియా.

సాయిరాం తల దించుకున్నాడు.