తొడకు రాయని నూనె

శంషాబాద్‌లో కుస్తీలు నేర్పే తాలీం ఊరి చివర, రైలు పట్టాలకు ఇవతల ఉండేది. మట్టి గోడలు, పైన రేకులు, మధ్యలో నూనె కలిపి మెత్తగా తవ్విన ఎర్రమట్టి. పెద్ద యుద్ధం ముగిసిన ఏటి వానాకాలం అది. ఆ మధ్యాహ్నం బాలమల్లు పహిల్వాన్ బల్ల మీద వెల్లకిలా పడుకుని, ఘియాసుద్దీన్ ఉస్తాద్ చేత కుడి తొడ పిసికించుకుంటూ లోకాన్ని తిడుతున్నాడు.

కోపంతో కాదు. కోపం రావాలంటే ఎదుటివాడు మనిషిగా కనిపించాలి. కాళ్లు సన్నగా ఉన్నవాడు బాలమల్లు కంటికి మనిషే కాడు. పటేలువి జొన్నకర్ర కాళ్లట. పట్నం దవాఖాన డాక్టరువి కొంగకాళ్లట. ఆ కొంగకాళ్లవాడే వాపు చూసి, ఇది తగ్గకపోతే తొడ కోయాల్సి వస్తుందన్నాడు. కోస్తే బాలమల్లు మళ్లీ మట్టిలో దిగలేడు. మట్టిలో దిగని బాలమల్లును ఊళ్లో కుక్క కూడా లెక్కచేయదు. అది వాడికీ తెలుసు.

నొప్పి మొదలైంది మంఖాల్ ఊరి ఐలయ్య చనిపోయిన మర్నాటి నుంచి. జాతర కుస్తీలో ఐలయ్య మెడను బాలమల్లు రెండు తొడల మధ్య ఇరికించి బిగించాడు. ఐలయ్య ఎడమ చేత్తో వాడి తొడ పట్టుకున్నాడు. కుడి చేయి పైకి చాచి వాడి గొంతు కోసం వెతికాడు. అందలేదు. ఆ చేయి గాలిలో తడుముకుంటుంటే బాలమల్లుకు నవ్వొచ్చింది. నవ్వు ఆగేసరికి ఐలయ్యలో ఊపిరి లేదు. తొడలో దిగిపోయిన వేళ్లను ఉస్తాదే ఒక్కొక్కటిగా విడదీశాడు.

ఆ చుట్టుపక్కల పహిల్వాన్లకు ఒక పద్ధతి ఉంది. గెలిచినవాడు ఓడినవాడి ఇంటికి పోవాలి. ఆ ఇంటి ఆడవాళ్లు వాడి తొడలకు నూనె రాస్తారు. మా మనసులో కక్ష లేదని దానర్థం. మనిషే పోయినప్పుడు మరీ తప్పదు. బాలమల్లు పోలేదు. గొర్రెలు కాసేవాడి కొట్టంలో కూర్చుని వాడి తల్లి, ఆ ముసలిదాని ముందు కాళ్లు చాపడానికి నాకేం ఖర్మ పట్టింది అన్నాడు.

ఉస్తాద్ వేళ్లు తొడ మీద నడుస్తున్నాయి. తొడంటే ఒక్క ముద్ద కాదు. ముందు నాలుగు కండలు, వెనక మూడు, లోపలి వైపు మరికొన్ని. ఒక్కోదాని చుట్టూ బత్తాయి తొన మీది పొరలాంటి తెల్లటి పొర. అన్నింటినీ చుట్టి ఇంకో గట్టి పొర. తొడ బయటి వైపు అది తుంటి నుంచి మోకాలి దాకా తోలు పట్టీలా బిగిసి ఉంటుంది. ఆ పట్టీ పక్కన ఉస్తాద్ బొటనవేలు ఆగింది.

పొర కింద గడ్డలు. నాలుగు, వరుసగా. తొడ లోపలి వైపు ఇంకొకటి, విడిగా.

నొక్కాడు. అవి జారాయి... మళ్లీ కండను పట్టుకున్నాయి.

ఉస్తాద్ చేతులు తీసేశాడు. "లోపల ఐలయ్య వేళ్లు పట్టుకున్నయి, పహిల్వాన్," అన్నాడు మెల్లగా. "ఆ వేళ్లు విడదీసింది నేనే. నా చేతికి ఎరుక. మంఖాల్ పో, నూనె రాయించుకో."

గడ్డంతో పాటు బుర్ర కూడా తెల్లబడిందని బాలమల్లు వెక్కిరించాడు. లేవబోయాడు. కాలు లేవలేదు. పొద్దు గూకే వేళకు వానలోనే బండి కట్టించాడు.

ఐలయ్య తల్లి ఈరమ్మ గుడిసెలో తడి ఉన్ని వాసన, పొగ వాసన. మూలన దండెం మీద ఐలయ్య గొంగడి. ఆమె ఏమీ అడగలేదు. గిన్నెలో నూనె వెచ్చబెట్టింది.

"జల్ది రాయి అవ్వా," అన్నాడు బాలమల్లు ముక్కు మూసుకుని. "ఈడ కూసుంటే నాకూ గొర్రె వాసనొస్తది."

ఈరమ్మ కళ్లు మూసుకుని, ఉన్నిలో ముళ్లు వెతికినట్టు తొడ వెతికింది. దొరికినచోట ఆగింది. నిద్రపోయిన పిల్లవాడి గుప్పిట విప్పినట్టు నిమిరింది. లోపల ఒకటి వదిలింది. పొర కింద ఏదో సర్రున జారింది... ఇంకొకటి... ఇంకొకటి... చివరికి లోపలి వైపుది.

కాలు తేలికైంది. బాలమల్లు లేచి నిలబడ్డాడు. గుంజీ తీశాడు. నొప్పి లేదు. గింతేనా అని నవ్వి, దండెం మీది గొంగడి లాగి తొడ మీది నూనె తుడిచేసుకున్నాడు.

ఈరమ్మ గొంగడి వైపు చూసింది. తర్వాత తన అరచేతిలోకి చూసుకుంది.

"ఇప్పుడు వదిలింది ఎడమ చెయ్యి, బిడ్డా. కుడిది ఏడున్నది?"

"అదా? అందలే. గాలిల తడుముకుంటనే పోయిండు నీ కొడుకు."

ఈరమ్మ గొంగడి అందుకుని మళ్లీ దండెం మీద వేసింది.

"అప్పుడు అందలే," అంది.

బయట వాన ఆగింది. కొట్టంలో గొర్రెలన్నీ ఒక్కసారి లేచి నిలబడిన చప్పుడు. తర్వాత అదీ లేదు. గడప దగ్గరి కుండలో చెంబు ముంచి బాలమల్లు నీళ్లు తాగాడు. మొదటి గుక్క దిగింది. రెండో గుక్క గొంతులో ఒకచోట ఆగింది... నిలిచింది... వెనక్కి వచ్చింది.

వాడు నోరు తెరిచి ఈరమ్మ వైపు తిరిగాడు. మళ్లీ కూర్చున్నాడు, ఆమె కాళ్ల దగ్గర, మెడ చాపి.

ఈరమ్మ నూనె గిన్నె మీద మూత పెట్టింది.