తొట్టి అడుగుకు చేరిన పెచ్చు

సోమపురిలో సూర్యాస్తమయం దగ్గరపడిందంటే ఇళ్లలో దోసెల పిండి గురించి బెంగ మొదలవుతుంది. చంద్రుడి మీద ఒక్క రాత్రంటే భూమి లెక్కన రెండు వారాలు. అందులో సగం గడిచేసరికి గదులు చల్లబడిపోతాయి, పిండి పులవనంటుంది, జనం దుప్పట్లు కప్పుకునే వంట చేసుకుంటారు.

ఆ సగం రాత్రి వెచ్చదనమైనా డాక్టర్ ఉపేంద్ర చలవే. ఆయన ఏళ్ల కిందట కట్టిన లవణకోశంలోని ఉప్పు పగటి ఎండకు కరుగుతుంది, రాత్రి గడ్డకడుతూ వేడిని వదులుతుంది. ఘనపదార్థం ద్రవంగా మారేటప్పుడు ఎంత వేడి తాగినా థర్మామీటరు కదలదు. అలా దాగిన వేడే గుప్తోష్ణం. ఉపేంద్ర లవణానికి ఉన్నది ఒకటే జబ్బు. కాస్త చలి సోకగానే దాచుకున్నదంతా కక్కేస్తుంది.

ఆ జబ్బు కుదిర్చింది ఆయన శిష్యురాలు కస్తూరి. ఆమె తయారుచేసిన 'ఓర్పు ద్రవం' ఎంత చల్లబడినా గడ్డకట్టకుండా, గుప్తోష్ణాన్ని కడుపులో పెట్టుకుని కూర్చుంటుంది. అవసరమైనప్పుడు బీజంగా ఒక చిన్న స్ఫటికం వేస్తే చాలు, తొట్టి మొత్తం గడ్డకట్టి వేడినిస్తుంది. ఊళ్లో ఎవరి నోట విన్నా కస్తూరి పేరే. లవణకోశం గుమ్మం మీద ఉపేంద్ర పేరున్న పలకను తీసేస్తారని కూడా అనుకుంటున్నారు.

ఉపేంద్ర కళ్లలో నిప్పులు పోసుకున్నాడు. స్ఫటికం పట్టుకోవడం కూడా రాని పిల్లకు తాను నేర్పిన విద్య! అంతలో కస్తూరే వచ్చి, "రేపు సభలో అందరి ముందూ బీజం మీ చేత్తోనే వేయాలి మాస్టారూ, కాదనకూడదు" అంది. తనను వెక్కిరించడానికే పిలుస్తోందనుకున్నాడాయన.

ఆమె వెళ్లగానే, మణికట్టుకున్న ఉష్ణసాక్షి యంత్రం పలికింది. "మీ ముఖం వేడెక్కింది సార్. జ్వరమా?"

"నోరు ముయ్యి."

మర్నాడు అందరూ భోజనాలకు వెళ్లిన వేళ ఉపేంద్ర తొట్టి దగ్గరికి చేరాడు. కస్తూరి బీజాలు బీరువాలో భద్రంగా ఉన్నాయి. అందుకని తన పాత లవణకోశం మూతికి పట్టిన పెచ్చును గోకి తెచ్చాడు. రెండింటిదీ ఒకే జాతి స్ఫటికం. ఎండ ఉండగానే ద్రవం గడ్డకట్టిపోతే, సభలో కస్తూరి ఉత్త రాయి ముందు నిలబడాలి. పెచ్చు లోపల పడేశాడు.

అది మెల్లగా మునిగింది. అడుగున తెల్లటి మరక పుట్టి క్షణాల్లో తొట్టంతా పాకింది. గోడలు వేడెక్కాయి. ఉపేంద్ర మనసు చల్లబడింది.

"మాస్టారూ!"

గుమ్మంలో కస్తూరి. దొరికిపోయాననుకున్నాడు. ఆమె పరుగున వచ్చి తొట్టిని తడిమి ఏడ్చేసింది.

"పట్టింది! చిన్న గిన్నెల్లో పట్టిన బీజం ఈ పెద్ద తొట్టిలో ఒక్కసారీ పట్టలేదు మాస్టారూ. ఇవాళ మీ చేత్తో వేయిస్తే ఎందుకు పట్టడం లేదో మీరే చూసి చెబుతారని ఆశ. లేకపోతే అందరి ముందూ తప్పు ఒప్పుకునేదాన్ని. ఏం వేశారు?"

"నా... నా కోశం పెచ్చు."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి నుదురు కొట్టుకుంది. "సాంద్రత! ఎండకు పై పొర ఇంకా వెచ్చగా ఉంటుంది. ఇక్కడ ఆకర్షణ తక్కువ కదా, నా సన్నటి రవ్వ మునిగేలోపే కరిగిపోతోంది. మీది ఏళ్లతరబడి గడ్డకట్టి బిగిసిన పెచ్చు. కరిగేలోపే చల్లటి అడుగుకు చేరింది. ఇంకా ఎండ ఉందిగా, మళ్లీ కరిగిస్తాను. ముందే పరీక్షించి చూశారు, దేవుడిలా!"

నిజం చెప్పడానికి ఉపేంద్ర నోరు తెరిచాడు. కస్తూరి అప్పటికే ఆయన కాళ్లకు దణ్ణం పెడుతోంది.

సభలో ఉపేంద్ర వేసిన మరో పెచ్చు కూడా పట్టింది. ఆ రాత్రి చివరిదాకా సోమపురి వెచ్చగా ఉంది, ప్రతి ఇంటా పిండి పులిసింది. ఆ సభలోనే కస్తూరి ఆ పెచ్చుకు 'ఉపేంద్ర బీజం' అని పేరు పెట్టింది. ఇక ప్రతి సూర్యాస్తమయానికీ మాస్టారు తన కోశం నుంచి ఒక పెచ్చు గోకి ఇవ్వాలని కోరింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"మళ్లీ వేడెక్కారు సార్" అంది ఉష్ణసాక్షి. "జ్వరమా?"

"కాదు" అన్నాడు ఉపేంద్ర, తల దించుకుని. "ఈసారి సిగ్గు."