నేల తాకని మడమ

"జుమానా! ఇంకా పైకి గెంతు! మోకాళ్ళు మడిచి గెంతు!"

ఆటల టీచర్ మిస్ అబీర్ విజిల్ ఊదింది. గురువారం చివరి పీరియడ్. నాలుగో తరగతి అమ్మాయిలు వరుసలో నిలబడి ఒక్కొక్కరే తాడాట ఆడుతున్నారు.

జుమానా మొదటి గెంతు బాగానే గెంతింది. రెండో గెంతుకు కుడి మడమ సిమెంటు నేలకు తగిలింది. మేకు దిగినట్టయింది. తాడు వదిలేసి పక్కకు వచ్చేసింది.

"ఏమైందే?" అంది దానియా.

"బూటు లేసు ఊడింది."

"నీ బూట్లకు లేసులెక్కడివి?" దానియా పకపకా నవ్వింది.

నిజమే. అవి లేసులు లేని పల్చటి నల్ల బూట్లు. ముందు వెండి రంగు పువ్వు. స్కూళ్ళు తెరిచే ముందు బజారులో వాటి కోసమే జుమానా ఏడ్చింది. అమ్మ మందపాటి అడుగున్న లేసుల బూట్లు తీసింది. "అవి మగపిల్లల బూట్లు!" అని జుమానా నేల మీద కూర్చుంది. అమ్మ ఆ పువ్వుల బూటును చేత్తో వంచి చూపించింది.

"చూడు, రొట్టెలా మడత పడుతోంది. వీటితో రోజూ మన మెట్లన్నీ ఎక్కి దిగుతావా?"

"దిగుతాను. కాళ్ళు నొప్పి అని ఒక్కసారి కూడా అనను. ఒట్టు!"

ఇప్పుడు నెల రోజులుగా నొప్పి. అయినా జుమానా నోరు మూసుకున్నది ఆ ఒట్టుకు కాదు. తాతయ్య కాలు చూసి.

తాతయ్యకు చక్కెర జబ్బు. పోయిన చలికాలం ఆస్పత్రిలో ఆయన కుడి పాదం తీసేశారు. ఒకరోజు వంటింట్లో అత్త అమ్మతో అంటుంటే జుమానా చెవిన పడింది. "అంతా మడమ దగ్గరే మొదలైంది వదినా. ఇది మా వంశంలోనే ఉంది. రేపు ఎవరి వంతో!"

అప్పటి నుంచి జుమానా రోజూ స్నానాల గదిలో తలుపు గడియ పెట్టుకుని మడమ చూసుకునేది. గాయం లేదు. ఎరుపు లేదు. అది చూస్తే ఇంకా భయం వేసేది. 'లోపల ఉందేమో' అనుకునేది. పొద్దున లేవగానే కాలి వేళ్ళు కదిపి చూసుకునేది. కదిలితే, ఇవాళ్టికి గండం గడిచినట్టు.

గంట కొట్టారు. తమ్ముడు యమాన్ చెయ్యి పట్టుకుని జుమానా బయటికి వచ్చింది. వాడికి ఐదేళ్ళు. స్కూలు కొండ మీద, ఇల్లు కింద రోడ్డు దాటాక. కొండల మీద కట్టిన వాళ్ళ ఊరు అమ్మాన్‌లో ఇలాంటి మెట్ల దారులు ప్రతి కొండకూ ఉంటాయి. వాన పడి ఆగింది. రాతి మెట్లు తడిగా మెరుస్తున్నాయి. జుమానా ఒక చేత్తో గోడ పట్టుకుని, మునివేళ్ళ మీద ఒక్కో మెట్టూ దిగుతోంది.

"అక్కా, కోడిలా నడుస్తావేంటి?"

"నోర్ముయ్. మెల్లిగా దిగు."

అప్పుడే కింద రోడ్డు మీద, సిలిండర్లు అమ్ముతూ తిరిగే గ్యాస్ బండి మోగించే పాట వినిపించింది. యమాన్‌కు ఆ పాటంటే ప్రాణం.

"గ్యాస్ బండి! గ్యాస్ బండి!" వాడు చెయ్యి విదిలించుకుని పరుగు తీశాడు.

"యమాన్! ఆగు!"

జుమానా కూడా పరిగెత్తబోయింది. మడమ మెట్టుకు తగిలింది. కాలు తనది కానట్టు మడత పడింది. తడి రాయి మీద కూలబడిపోయింది. వాడి ఎర్ర సంచీ కిందికి, ఇంకా కిందికి పోతోంది. లేవాలని చూసింది. కాలు లేవనివ్వలేదు.

"ఎవరైనా వాణ్ణి పట్టుకోండి!"

బ్రేకు కీచుమంది. జుమానా గట్టిగా కళ్ళు మూసుకుంది. పాట మాత్రం మోగుతూనే ఉంది. కళ్ళు తెరవడానికి ధైర్యం చాలలేదు.

"ఈ పిల్లాడు ఎవరి పిల్లాడు?" కింద నుంచి ఒక అరుపు.

జుమానా కళ్ళు తెరిచింది. యమాన్ బండికి మూరెడు దూరంలో బొమ్మలా నిలబడి ఉన్నాడు. డ్రైవరు కిందికి దిగాడు. ఆయన మొహం పాలిపోయింది.

"నా తమ్ముడు, బాబాయ్!"

"మరి చెయ్యి పట్టుకోవద్దా అమ్మా? నా గుండె ఆగిపోయింది!"

జుమానా కూర్చునే, ఒక్కో మెట్టూ జరుగుతూ దిగింది. డ్రైవరు ఆమెనే చూస్తున్నాడు.

"కాలికేమైంది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే కూర్చుని దిగుతావా?" ఆయన ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని రోడ్డు దాటించాడు.

ఇంట్లో తాతయ్య హీటర్ పక్కన కుర్చీలో ఉన్నాడు. యమాన్ గుమ్మంలోంచే అరిచాడు. "తాతయ్యా! గ్యాస్ బండి నన్ను గుద్దబోయింది! అక్క పరిగెత్తలేదు! కూర్చుంది!"

తాతయ్య జుమానా వైపు చూశాడు. "ఇలా రా తల్లీ. నడుస్తూ రా."

జుమానా నాలుగు అడుగులు వేసింది. మడమ ఆనించకుండా. ఐదో అడుగుకు ఏడుపు ఆగలేదు.

"తాతయ్యా, నా కాలు కూడా తీసేస్తారా?"

తాతయ్య నవ్వలేదు. కోప్పడలేదు. ఆమె కాలు తన ఒళ్ళో పెట్టుకుని మేజోడు తీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెల."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెబితే తీసేస్తారని. ఇది మన వంశంలోనే ఉందని అత్త అంది."

ఆయన మేజోడు మళ్ళీ తొడిగాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "ఇదేంటో నాకు తెలీదు. నేను డాక్టర్ని కాదు, మీ అత్తా కాదు. నా సంగతి మాత్రం చెప్తాను. నా పుండును నేను మూడు నెలలు మేజోడులో దాచాను. మీ నాయనమ్మకు కూడా చూపించలేదు. నాదీ నీలాంటి భయమే."

"తర్వాత?"

"నేను దాచాను. అది ఆగలేదు."

ఆయన ఫోన్ తీసి అమ్మకు చేశాడు. అమ్మ పేరు ఇబ్తిసామ్. బ్యూటీ పార్లర్‌లో పని చేస్తుంది. "కత్తెర కింద పెట్టు, ఇబ్తిసామ్. ఇంటికి రా. పిల్లను డాక్టరుకు చూపించాలి."

సాయంత్రం క్లినిక్‌లో బల్ల మీద స్టీలు పళ్ళెం ఉంది. పళ్ళెంలో కత్తెర ఉంది. జుమానా దాని మీద నుంచి చూపు తిప్పలేకపోయింది.

డాక్టర్ సుహైర్ మడమను రెండు వైపుల నుంచీ నొక్కింది. జుమానా కెవ్వుమంది. డాక్టర్ వేలు గుచ్చి రక్తంలో చక్కెర కూడా చూసింది. ఆ తర్వాత బూటు చేతిలోకి తీసుకుని తడిగుడ్డ పిండినట్టు మెలితిప్పింది.

"ఇది బూటా, మేజోడా?"

"డాక్టర్, నా పాదం... కోసేస్తారా?"

డాక్టర్ బూటు పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుంది. "లేదు జుమానా. నీ చక్కెర మామూలుగానే ఉంది. నీకు తాతయ్య జబ్బు లేదు. నువ్వు ఎదుగుతున్నావు. మడమలో ఎముక ఇంకా లేతగా ఉంది. పిక్క నుంచి వచ్చే తాడులాంటి కండ దాన్ని వెనక నుంచి లాగుతుంది. గెంతినప్పుడల్లా కింద దెబ్బ. ఈ బూటేమో ఆ దెబ్బను కొంచెం కూడా ఆపదు. తగ్గుతుంది. కానీ రేపే తగ్గదు."

బయటికి వచ్చాక జుమానా గొణిగింది. "నొప్పి అననని ఒట్టు వేశాను కదమ్మా."

అమ్మ అక్కడే ఆగిపోయింది. "అలాంటి ఒట్టు నేనెలా వేయనిచ్చాను నా తల్లీ!" అని ఆమెను గట్టిగా హత్తుకుంది.

మర్నాటి నుంచి జుమానా తువ్వాలులో చుట్టిన ఐసు మడమ కింద పెట్టుకునేది. గోడకు రెండు చేతులూ ఆనించి, కాలు వెనక్కి చాపి పిక్కను సాగదీసేది. తాతయ్య కుర్చీలోంచి అంకెలు లెక్కపెట్టేవాడు. మధ్యలో యమాన్‌తో మాటల్లో పడి మొదటికొచ్చేవాడు. బూట్లు మారాయి. మందపాటి అడుగు, గట్టి మడమ, పొడుగు లేసులు. లోపల మెత్తటి పట్టీ. దానియా చూసి, "మీ అన్నయ్యవా?" అంది. "నాకు అన్నయ్య లేడు" అంది జుమానా. గెంతడం కొన్నాళ్ళు మానేసి, తాడు తిప్పే పని తీసుకుంది.

మూడు వారాల తర్వాత మళ్ళీ క్లినిక్‌కు వెళ్ళే రోజు. పొద్దున జుమానా నీళ్ళ కోసం లేచింది. తలుపు సందులోంచి అమ్మ గది కనిపించింది. అమ్మ మంచం దిగింది. నేల మీద అడుగు పెట్టగానే "అబ్బా!" అని గోడ పట్టుకుంది. పెదవి కొరుక్కుని, మునివేళ్ళ మీద రెండడుగులు వేసింది. పలకల నేల మీద పల్చటి చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

ఆ నడక జుమానాకు బాగా తెలుసు.

క్లినిక్‌లో డాక్టర్ సుహైర్ మడమ నొక్కి చూసింది. "బాగా తగ్గింది. ఇంకో నెల ఇలాగే చెయ్యి. సరే, వెళ్ళిరండి."

అమ్మ సంచీ భుజానికి తగిలించుకుంది. జుమానా కదల్లేదు. డాక్టర్ ఏమంటుందో. అమ్మకు ఏముందో.

"డాక్టర్, అమ్మకు కూడా నొప్పి. పొద్దున లేవగానే. గోడ పట్టుకుంటోంది."

"జుమానా!" అమ్మ కళ్ళెర్రజేసింది. "పార్లర్‌లో రోజంతా నిలబడితే ఎవరికైనా నొప్పులే డాక్టర్. నాకు మధ్యాహ్నం పెళ్ళికూతురి అలంకరణ ఉంది, మేం వస్తాం."

డాక్టర్ బల్ల వైపు చెయ్యి చూపించింది. "ఐదు నిమిషాలు కూర్చో, ఇబ్తిసామ్."

అమ్మ కూర్చోలేదు. తలుపు వైపు చూసింది.

జుమానా ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చెప్పు పట్టీ విప్పడం మొదలుపెట్టింది.