అప్ప గుమ్మంలోంచి గట్టర్

నైట్ షిఫ్టు దిగి, గోపాలపట్నంలో బస్సు దిగి, త్రినాథరావు ఇంటికొచ్చేసరికి లోపల గీకుతున్న చప్పుడు. భార్య రాధ కూతురి గదిలో అట్లకాడతో గోడ గీకుతోంది. ఉప్పు పట్టి ఉబ్బిన సున్నం పెచ్చులు పెచ్చులుగా కింద పరిచిన పేపరు మీద రాలుతోంది. అసలు వానలు ఇంకా మొదలే కాలేదు. మొన్న పడ్డ జల్లుకే గోడ మళ్ళీ చెమ్మెక్కింది.

కూతురు కీర్తన మంచం గది మధ్యకు లాగి ఉంది. ఆ పిల్ల ఊపిరి మందు పంపు నోట్లో పెట్టుకుని నొక్కి, కాసేపు బిగబట్టి, ఏమీ జరగనట్టు ఇంటర్ పుస్తకం తెరిచింది. త్రినాథరావు చూశాడు. బాధ పడాలి కాబోలు అనుకున్నాడు. ఏమీ అనిపించలేదు. కొంతకాలంగా అతనికి ఏదీ లోపలికి దిగడం లేదు. కూర చప్పగా ఉన్నా తినేస్తాడు, ఉప్పెక్కువైనా తినేస్తాడు.

"టీ ఉందా?" అన్నాడు.

"ఉంది. తాగీసి పడుకోకండి. గట్టరు మనిషి వత్తన్నాడు." రాధ గీకడం ఆపలేదు.

"ఏ గట్టరు?"

"మన సూరుకి. నిన్న వొచ్చి కొల్సుకున్నాడు."

"నాను వద్దన్నాను కదేటి?"

"మీరు గట్టరు వద్దన్నారు. డాక్టరుగారు పిల్లకి ఈ గది వద్దన్నారు. నాను ఎవరి మాట ఇనాల?"

అతను వద్దనడానికి కారణం నేల. వాళ్ళ నాన్న పద్మనాభం అనే ఊరి నుంచి వచ్చి ఇక్కడ జాగా కొన్నాడు. పోయేముందు వీధి మీది ఇల్లు పెద్ద కూతురు, త్రినాథరావు అప్ప అసిరమ్మకూ, వెనక దొడ్డి పక్కన ఉన్న పొడుగాటి రేకుల ఇల్లు కొడుక్కూ ఇచ్చాడు. అసిరమ్మ దొడ్డిగదికీ త్రినాథరావు గోడకూ మధ్య ఇరుకు సందు. "నీ సూరు నీళ్ళు నా జాగాలో పడతన్నాయి, ఆపు" అన్నాడు కొన్నేళ్ళ కిందట ఒక వానాకాలం అసిరమ్మ మొగుడు గురునాథరావు. "నా సూరు నీళ్ళు పడినంత మేరా నాదే" అన్నాడు త్రినాథరావు. ఆ పూట ఒకరినొకరు అనరాని మాటలన్నీ అనుకున్నారు. రాకపోకలు ఆగిపోయాయి. చూరు నీళ్ళు పట్టి పక్కకు మళ్ళించే గట్టర్ పెడితే అవి సందులో పడవు. పడకపోతే సందు తనదని చెప్పుకోడానికి ఆనవాలుండదు. అందుకని ఏటేటా తన గోడను తానే నానబెట్టుకుంటూ వచ్చాడు.

రెండేళ్ళ కిందట గురునాథరావు పోయాడు. త్రినాథరావు వెళ్ళి, వీధిలో టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, శవం లేచాక వచ్చేశాడు. అప్ప గుమ్మం మాత్రం ఎక్కలేదు.

టీ తాగి వీధిలోకి వెళ్ళేసరికి అప్ప ఇంటి ముందు బండి ఆగి ఉంది. బండి మీద మిషను. గట్టరు మనిషి సూరన్న మీట నొక్కాడు. చుట్టగా ఉన్న తెల్లటి అల్యూమినియం రేకు మిషనులోకి దూరి, అవతలి వైపు గట్టరై బయటికి పాకింది. పాకుతూనే ఉంది. ఇంటి పొడుగంతా ఒకే గట్టర్.

"ఒక్క అతుకుండదు బావా," అన్నాడు సూరన్న వరస కలిపి, గొప్పగా. "అతుకున్న కాడే కదా కారతాది."

త్రినాథరావు స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు రిగ్గరు. క్రేన్లకు బరువులు కట్టించి, చేతి సైగలతో ఎత్తించి దించడమే అతని పని. ఆ గట్టర్ను ఒకసారి చూశాడు, తన ఇంటికి పోయే గొంది మలుపును ఒకసారి చూశాడు. తిరగదు. చూడగానే తెలిసింది. జేబులో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

సూరన్నా అతని మనుషులూ గట్టర్ భుజాన వేసుకుని గొందిలోకి వెళ్ళారు. మలుపులో ముందు కొస గోడకు తగిలింది. వెనక్కి లాగారు, పైకెత్తారు. పైన కరెంటు తీగలు. మళ్ళీ దింపారు.

"తిరగదు బావా. ముక్కలు కొయ్యాల."

"కోసి అతికితే మళ్ళీ కారదేటి?" అంది వెనకే వచ్చిన రాధ. సూరన్న తల గోక్కున్నాడు.

రాధ మొగుడి వైపు తిరిగింది. "మీకు ముందే తెల్సు."

"తెల్సు."

"తెల్సీ సూత్తా నిలబడ్డారు!"

"ఆడ్ని పిల్సింది నాను కాదు."

"టన్నులు టన్నులు ఇనుము ఎక్కడెక్కడికో ఎక్కిత్తారు. కన్నపిల్ల గదికి ఈ రేకు ఎక్కించలేరు. ఏం మనిషండీ మీరు? ఆ పిల్ల రేత్రి కూకొని పడుకుంటంది. మీకు పట్టదా?"

పట్టదా? తనలో తాను వెతుక్కున్నాడు. దొరికింది పనిమాట ఒక్కటే.

"దారి ఒకటే ఉంది," అన్నాడు.

అందరూ అతను చూసిన వైపు చూశారు. అసిరమ్మ ఇల్లు. వాళ్ళ నాన్న వీధి గుమ్మం, నడవ గుమ్మం, దొడ్డి గుమ్మం ఒకే వరసలో పెట్టించాడు. వీధిలో నిలబడితే ఇంట్లోంచి దొడ్డి కనిపిస్తుంది. ఆ దొడ్డిలోకి చేరితే పక్కనే అతని చూరు.

"అయితే ఎల్లి అడగండి," అంది రాధ.

"నువ్వడుగు."

"నాను అడిగితే వదిన కాదనదు. కానీ అడగాల్సినోరు మీరు."

"నానడగనా నాన్నా?" అంది కీర్తన కాలేజీ సంచీతో వస్తూ. "అత్త రోజూ నాతో మాటాడతాది."

"నాకెప్పుడూ సెప్పలేదే?"

"నువ్వడగలేదు కదా."

త్రినాథరావు నడిచాడు. అసిరమ్మ గుమ్మంలోనే ఉంది, అంతా చూస్తూనే ఉంది. బొట్టు లేని నుదురు. బావ పోయాక ఆవిణ్ణి ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు.

"ఏటిరా, దారి తప్పేవేటి?"

"గట్టరు తెచ్చేం. గొందిలో తిరగట్లేదు. మీ ఇంట్లోంచి దొడ్డిలోకి..."

"మీ ఇల్లా? ఈ గుమ్మం మీద పడే కదరా ముందు పన్ను ఇరగ్గొట్టుకున్నావు. అప్పుడు ఎవలిల్లు?" ఆవిడ పక్కకు జరిగింది. "నిలబడి సూత్తావేటి? సోఫా జరుపు."

సోఫా జరిపాడు. తర్వాత చేతులు వాటంతటవే పనిలో పడ్డాయి. ముందు కొస సూరన్నకిచ్చాడు, వెనక సూరన్న మనుషుల్ని నిలిపాడు, నడుము వంగకుండా మధ్యలో రాధను పట్టుకోమన్నాడు. కీర్తన ఒకచోట చెయ్యి వేసింది. అసిరమ్మ కొంగు దోపుకుని తనూ పట్టుకుంది.

"నెమ్మది... రానీ... ఆపు. కొంచెం ఎడమకి. అప్పా, వదిలీకు!"

"వదల్లేదురా, నువ్వు ముందు సూసుకో!"

గట్టర్ మూడు గుమ్మాలూ దాటి దొడ్డిలోకి వచ్చింది. కొసను నేలకు దించి త్రినాథరావు తలెత్తాడు. దొడ్డిగది తలుపు తెరిచి ఉంది. లోపల పరుపు లేని మంచం గది మధ్యకు లాగి ఉంది. మంచానికి అవతల గోడ ఉబ్బి, సున్నం రాలి, నల్లగా ఉంది.

తన కూతురి గదే ఇంకోటి చూసినట్టయింది.

"ఇది మా సూరు నీళ్ళేనా?" అన్నాడు.

"మరేటనుకున్నావు? నీ గోడొక్కటే తడుస్తాదనుకున్నావేటి?"

"సెప్పలేదేటప్పా?"

"సెప్పబోతేనే కదా ఇంత గొడవయ్యింది."

"ఆ సందు..."

"నువ్వే ఉంచుకో. నాకెందుకు? మీ బావ పోయేక అందులోకి తొంగి సూసినోడు లేడు."

అతను తలూపాడు. బావ పోయాక కూడా ఎవరూ అడగని సందుకి కాపలా కాశానని ఇప్పుడు తెలిసింది. కోపం రాలేదు. సిగ్గు కూడా సరిగ్గా రాలేదు. నిచ్చెన గట్టిగా పట్టుకున్నాడు, సూరన్న పైకెక్కి మేకులు కొట్టాడు. మధ్యాహ్నానికి పని అయింది. సూరన్న రేకుల మీద బకెట్టు నీళ్ళు పోశాడు. నీళ్ళు గట్టర్లో పరుగెత్తి, చివర గొట్టంలోంచి దిగి, మురిక్కాలవలో పడ్డాయి. సందులో చుక్క రాలలేదు.

బండి వెళ్ళిపోయింది. అసిరమ్మ అన్నం వండేస్తానంది, రాధ సాయానికి వంటింట్లోకి వెళ్ళింది. త్రినాథరావు ఇంటికి పోయి పడుకోవచ్చు. నైట్ షిఫ్టు చేసిన ఒళ్ళు. కానీ దొడ్డిగది మెట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి అసిరమ్మ మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది.

"అప్పా," అన్నాడు. "ఆ రోజు బావకేటయ్యింది?"

అసిరమ్మ చెయ్యి నేలకు ఆనించి, మోకాళ్ళు పట్టుకుని, తనూ మెట్టు మీద కూర్చుంది.

"పొద్దున్న బాగానే ఉన్నాడ్రా. ఇడ్లీలు తెమ్మన్నాడు. కారప్పొడి ఎక్కువెయ్యమన్నాడు. తెచ్చేను. తిన్లేదు. సెమటలు పట్టేసినాయి. ఈ మంచం మీదే ఒరిగిపోనాడు."

"ఊఁ."

"త్రినాథుణ్ణి కేకెయ్యే, ఆటో తెత్తాడు అన్నాడు."

త్రినాథరావు గ్లాసు అందుకోబోయి ఆగిపోయాడు. "నన్నా?"

"నిన్నే. ఇంకెవలున్నారు మాకు దగ్గర్లో? కేకేసేను. రాధ పలికింది, నువ్వు డ్యూటీకెల్లేవంది. తనే ఆటో కోసం పరిగెత్తింది. రాధొచ్చీ లోపల నీ కోసం ఇంకోసారి అడిగేడు. వత్తన్నాడు అన్నాను. అబద్ధమే. ఏటి సెయ్యను?"

గ్లాసు ముట్టకపోయినా తన చెయ్యెందుకు తడిసిందో త్రినాథరావుకు మొదట అర్థం కాలేదు; అది కళ్ళలోంచి కారుతోంది. తర్వాత గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది, అది తనదేనని తెలిసి భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు మాత్రం ఆగలేదు. అసిరమ్మ అతని వీపు మీద చెయ్యి వేసింది. ఊరుకోరా అనలేదు.

అన్నానికి పిలవడానికి రాధ దొడ్డి గుమ్మందాకా వచ్చింది. ఇద్దర్నీ చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగింది.

"రాధ నాకేటీ సెప్పలేదు," అన్నాడు తువ్వాలులోంచి.

"సెప్పొద్దన్నది నానే. నువ్వు అడిగిన్నాడు నానే సెప్తానన్నాను."

అతను ముఖం తుడుచుకుని అప్ప వైపు తిరిగి కూర్చున్నాడు.

"సెప్పప్పా. తరవాత?"