ధారూర్ మైసమ్మ కార్డు

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. శంకరమ్మ అత్తగారి ఇత్తడి చెంబును ఆ నీళ్ళలో ముంచి, కట్టెపుల్లతో రెండుసార్లు పొర్లించి బయటికి తీసింది. నెలన్నరగా పొద్దున్నే ఆమె చేసే మొదటి పని ఇదే.

"చెంబు ఉడికిందా అక్కా? ఉప్పు సరిపోయిందా జర చూడు" అంది తోడికోడలు రామమ్మ, జొన్నరొట్టె తడుతూ.

శంకరమ్మ నవ్వి ఊరుకుంది. అరుగు మీద కూర్చున్న అత్త హన్మమ్మ ఆ మాట విననట్టే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది.

మరిది బీరన్న దొడ్డి తడిక తీసి గొర్రెలను బయటికి తోలుతున్నాడు. "వదినె, ఇయ్యాల జల్ది రా. రేపు పెద్దేముల్ నుంచి ఎంకయ్యోళ్ళు వస్తున్నరు. పిల్ల మాట ఖాయం చేసుకోవాలె" అన్నాడు.

పిల్ల అంటే బీరన్న, రామమ్మల కూతురు భీమమ్మ. పెళ్ళికొడుకు ఎంకయ్య కొడుకు నర్సింహులు. పిల్లలు లేని శంకరమ్మ చేతుల్లోనే భీమమ్మ పెరిగింది. "వస్త" అని శంకరమ్మ చేతులు కడుక్కుని బయల్దేరింది.

ఆమె పోయేది తాండూరు స్టేషను దగ్గరి చిన్న దవాఖానకు. భర్త పోయిన మూడేళ్ళకు, ముప్పై మూడో ఏట, ఆమె పెద్దల బడిలో అక్షరాలు దిద్దింది. మొదట్లో బలపం పట్టుకుంటే కొడవలి పట్టుకున్నంత బిగువుగా పట్టుకునేది. అంతలో వికారాబాద్‌లో దవాఖాన నడిపే డాక్టరు తాండూరులో ఇంకొక గది తీసుకున్నాడు. కిటికీ దగ్గర కూర్చుని పేర్లు రాసుకునే మనిషి కావాలన్నాడు. బడి పంతులు శంకరమ్మ పేరు చెప్పాడు.

పని నేర్చుకోవడానికి ఆమె నాలుగు నెలలు రైలెక్కి వికారాబాద్‌కు పోయింది. అక్కడి కిటికీలో కూర్చునే మార్తమ్మ నేర్పింది. ముందు మనిషి ముఖం చూడాలి, తర్వాతనే కాగితం. ఆయాసపడేవాళ్ళను, చంటిపిల్లల తల్లులను వరుసతో పని లేకుండా లోపలికి పంపాలి. రాసింది మళ్ళీ చదివి వినిపించాలి. ఒక్కొక్క ఊళ్ళో రామమ్మలు పదిమంది ఉంటారు కాబట్టి ఇంటి పెద్ద పేరు కూడా రాయాలి. ఆడవాళ్ళు మొగుడి పేరు నోట పలకరు, పక్కన వచ్చినవాళ్ళను అడగాలి. ఒంటరిగా వస్తే ఆ గీత ఖాళీగా వదిలెయ్యాలి, నిలదియ్యకూడదు. తప్పు రాస్తే చెరిపెయ్యకూడదు. ఒక్క అడ్డగీత గీసి, పైన సరైనది రాయాలి.

అన్నిటికన్న గట్టిగా చెప్పింది వేరే.

"ఈడ చూసింది ఈడనే. రైలెక్కెటప్పుడు చేతులు కడుక్కున్నట్టు నోరు గూడ కడుక్కో" అంది మార్తమ్మ.

"మరి రోగమే లేదనుకో మార్తమ్మా. ఏం లేదని చెప్పొచ్చు గద?"

"అది గూడ చెప్పొద్దు. ఇయ్యాల ఒకని గురించి అడిగితే ఏం లేదంటవు. రేపు ఇంకొకని గురించి అడుగుతరు. అప్పుడు నోరు మూసుకుంటవు. మూసుకున్న నోరే అంతా చెప్తది గద!"

ఆ మాట ఎంత బరువైనదో నెలన్నర కింద తెలిసింది. మార్తమ్మకు జ్వరం వచ్చి, ఒక మంగళవారం డాక్టరు శంకరమ్మను వికారాబాద్ కిటికీకి పిలిపించాడు. మధ్యాహ్నం రైలుకు దిగిన జనంలో ముఖం మీదికి కొంగు లాక్కున్న ఒక ముసలమ్మ వరుసలో నిలబడింది. ధారూర్‌లో చెల్లెలిని చూసి వస్తానని ఆ పొద్దున్నే ఇంట్లో చెప్పిన హన్మమ్మ ఆమె. కిటికీ దాకా వచ్చాక గానీ కోడలిని చూడలేదు. వెనక్కి పోదామంటే వెనక జనం.

శంకరమ్మ తల దించుకుని కొత్త కార్డు తీసి కలం పట్టుకుంది. "పేరు?"

ముసలమ్మ కొంగు ఇంకా కిందికి లాక్కుంది. "మైసమ్మ."

"ఊరు?"

"ధారూర్."

ఇంటి పెద్ద పేరు అడగలేదు. ఆ గీత ఖాళీగా వదిలింది. రాసింది చదివి వినిపించింది. సాయంత్రం ఆ కార్డు తిరిగి శంకరమ్మ చేతికే వచ్చింది. డాక్టరు దాని మీద క్షయ అని రాశాడు. వికారాబాద్ పక్కన కొండ మీది క్షయ ఆస్పత్రిలో చేరాలని కూడా రాశాడు.

ఇంటికొచ్చాక అత్త ఏమీ అనలేదు, కోడలూ ఏమీ అడగలేదు. మర్నాటి నుంచి చెంబు మరిగే నీళ్ళలో పడింది. అత్త పక్కన పడుకునే పిల్లల పక్కలు "గాలి తగులుతది" అనే సాకుతో వరండాలోకి మారాయి. హన్మమ్మ ఇంకా రెండు మంగళవారాలు వికారాబాద్ పోయి మందులు తెచ్చుకుంది గానీ కొండ మీదికి మాత్రం పోలేదు.

బీరన్న జల్ది రమ్మన్న ఆ రోజు శంకరమ్మ పొద్దుండగానే ఇల్లు చేరింది. బీరన్న గొర్రెలను ఇంకొకరికి అప్పజెప్పి ముందే వచ్చి కూర్చున్నాడు. ముఖం ముడుచుకుని ఉంది.

"వదినె, నర్సింహులు మీ దవాఖానకు వచ్చిండా?"

"మస్తు మంది వస్తరు బీరన్నా."

"నేను మస్తు మంది సంగతి అడుగుతలేను. వాని సంగతి అడుగుతున్న. రెండుసార్లు ఆడ చూసిన్రట ఊరోళ్ళు. ఏం రోగం వానికి?"

నర్సింహులు కాల్లో తుమ్మముల్లు విరిగింది. మొదటిసారి తీయించుకున్నాడు, రెండోసారి కట్టు మార్పించుకున్నాడు. అంతే. ఒక్క మాట చెబితే అందరి గుండెలూ తేలికపడతాయి. శంకరమ్మకు ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అరుగు మీద అత్త దగ్గు వినిపించింది. మాట వెనక్కి పోయింది.

"నేను చెప్పొద్దు. వాళ్ళనే అడుగు."

"అడిగితే ఉన్నది చెప్తరా ఎవ్వలన్న?" రామమ్మ ముందుకొచ్చింది. "మాకు చెప్పకుంటే ఇంకెవ్వలకు చెప్తవక్కా? నువ్వు సాదిన పిల్లనే గద అది! కండ్లు తెరిచి బాయిల తోస్తవా?"

"తొయ్యను. చెప్పను గూడ చెప్పను."

"నాలుగక్షరాలు రాంగనే ఇంత మిడిసిపాటా?" అన్నాడు బీరన్న.

అప్పుడు హన్మమ్మ అరుగు మీంచి గొంతెత్తింది. కొడుకు కన్న గట్టిగా అరిచింది. "చెప్పరాదే! ఇంటి పిల్ల కన్న ఆ కిటికీ ఎక్కువైందా నీకు? ఎవ్వలు వచ్చిన్రో, ఏం రోగమో చెప్తే నీ సొమ్మేం పోతది?"

శంకరమ్మ తలెత్తి అత్త వైపు చూసింది. ఒక్క క్షణమే. మళ్ళీ తల దించుకుంది.

"అయితే విను" అన్నాడు బీరన్న. "రేపటి సంది ఆ కుర్చీల కూసునుడు బంద్. కాదంటవా, నీ మూట నువ్వు సర్దుకో. నీ తమ్ముడు కుల్కచర్లల ఉన్నడు గద."

శంకరమ్మ లోపలికి పోయి దండెం మీది రెండు చీరలు మడత పెట్టింది. ఏడవలేదు. పలకను చీరల మధ్య పెట్టి మూట కట్టింది. గడప దాటబోతూ ఏదో గుర్తొచ్చి పొయ్యి దగ్గరికి పోయింది. ఇత్తడి చెంబును తీసి రామమ్మ చేతిలో పెట్టింది.

"రేపటి సంది అత్త చెంబు నువ్వు ఉడుకు నీళ్ళల్ల కడుగు చెల్లె. రోజు కడుగాలె. మరిచిపోకు."

"ఎందుకక్కా?"

శంకరమ్మ మూట చంకన పెట్టుకుని ముంగిట్లోకి దిగింది.

"ఆగు బిడ్డా" అంది హన్మమ్మ.

కోడలిని ఆమె ఎన్నడూ అలా పిలవలేదు. గుంజ పట్టుకుని లేచింది.

"బీరన్నా, నాకు క్షయ ఉన్నదిరా. వికారాబాద్‌ల చూపెట్టుకున్న. పేరు మార్చి చెప్పిన. రాసింది ఎవ్వలనుకున్నవు? ఇదే. నా కండ్ల ముంగట, తల ఎత్తకుండ రాసింది. నెలన్నర. ఇంట్ల ఒక్కలకన్న తెలిసిందా? నీకు తెలిసిందా?"

రామమ్మ చేతిలోని చెంబు వైపు చూసుకుంది.

"తెలిస్తే కొండ మీదికి తోలుతరని భయపడ్డ. పిల్ల లగ్గం చెడుతదని భయపడ్డ. ఇది చెంబు కడుక్కుంట నన్ను కాపాడింది. నేనేమో చెప్పు, చెప్పు అని దాని మీద ఎగిరిన. అది చెప్పుడు మొదలు పెడితే ముందుగాల నా పేరే చెప్పాలె గదరా!" హన్మమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

బీరన్న లేచి వచ్చి వదిన చంకలోని మూట తీసుకుని దండెం కింద పెట్టాడు. క్షమించమని అడగడం అతనికి రాదు. "రొట్టె తిను వదినె" అన్నాడు.

మర్నాడు ఎంకయ్య కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. బీరన్న ముందు తన తల్లి సంగతి చెప్పి, తర్వాత కుర్రవాడి సంగతి అడిగాడు. నర్సింహులు నవ్వి కాలు చాపి మానిన గాయం చూపించాడు. ఎంకయ్య నవ్వలేదు. కాసేపు గడ్డం గోక్కుని, "ముసలమ్మను దవాఖానల పెట్టు. ఆమె మంచిగై వచ్చినంక లగ్గం చేద్దాం. నా మాట నేను తప్పను" అన్నాడు. భీమమ్మ పెళ్ళి అలా ఏడాది వాయిదా పడింది.

ఆ మంగళవారం హన్మమ్మ, బీరన్న, శంకరమ్మ ముగ్గురూ రైలెక్కి వికారాబాద్ పోయారు. వాళ్ళను చూసి మార్తమ్మ కుర్చీలోంచి లేచింది. "నువ్వే రాయి శంకరమ్మా" అంది.

శంకరమ్మ ధారూర్ ఊరి కట్టలోంచి మైసమ్మ కార్డు తీసింది. కిటికీ అవతల అత్త నిలబడింది. ముఖం మీద కొంగు లేదు.

"పేరు?"

"హన్మమ్మ."

"ఊరు?"

"తాండూరు."

పాత మాటల మీద ఒక్కొక్క అడ్డగీత గీసి, పైన రాసింది. కింద ఖాళీగా ఉన్న ఇంటి పెద్ద గీత దగ్గర కలం ఆగింది. హన్మమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. కోడలు కూడా కాలం చేసిన మామ పేరు పలకదు కదా. బీరన్న కిటికీలోకి వంగాడు.

"ఈరయ్య. రాయి వదినె."

శంకరమ్మ రాసింది. ఆ ఇంట్లో అడుగు పెట్టిన నాటి నుంచి ఆ పేరు ఆమె నోటా రాలేదు, చేతా రాలేదు. చదివి వినిపించాలనేది పద్ధతి. పైరెండూ చదివి, మూడోదాని దగ్గర ఆగిపోయింది.

"ఏది, ఆయన పేరు ఎట్లుంటదో చూపెట్టు" అంది హన్మమ్మ.

శంకరమ్మ కార్డును అటు తిప్పింది. హన్మమ్మ కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆ మూడు అక్షరాల మీద వేలు ఆనించింది. సిరా ఇంకా ఆరలేదు. వేలికి అంటుకుంది.

కొండ మీదికి పోయే బండి ఎక్కేటప్పుడు కూడా ఆమె ఆ వేలిని తుడుచుకోలేదు.